మరపడవ ఇంజన్లలో బ్యాటరీ కనెక్షన్ల లోపాలు: గుర్తింపు, సవరణ, నివారణ

ఉపోద్ఘాతం

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల నుండి వేటకు వెళ్లే మరపడవలు ఒక్కొక్క యాత్రలో అనేక రోజులు సముద్రంపైనే గడుపుతాయి. తీరానికి దూరంగా ఉన్న పడవలో ఇంజను ఆగి తిరిగి మొదలు కాకపోతే, ఆ పడవ గాలికీ ప్రవాహానికీ కొట్టుకుపోతుంది. వల నీటిలో ఉండగా ఆగితే వల నష్టపోవచ్చు. వాతావరణ హెచ్చరిక వచ్చిన వేళ ఆగితే ప్రాణాలకే ముప్పు. చేతి హ్యాండిలుతో తిప్పే చిన్న ఇంజన్లు గల ఫైబరు పడవలకు ఈ చిక్కు లేదు. పెద్ద డీజిలు ఇంజన్లను మాత్రం మనుష్య బలంతో తిప్పడం సాధ్యం కాదు. అవి పూర్తిగా బ్యాటరీపైన, స్టార్టరు మోటారుపైన ఆధారపడి ఉంటాయి.

ఇంజను మొదలు కానప్పుడు సాధారణంగా మొదటి అనుమానం బ్యాటరీపైకి, రెండవది స్టార్టరు మోటారుపైకి పోతుంది. కొత్త బ్యాటరీ కొంటారు, లేదా మోటారును విప్పి మరమ్మతుకు పంపుతారు. అనేక సందర్భాలలో లోపం ఈ రెండింటిలోనూ ఉండదు. వాటిని కలిపే కేబుళ్ల చివరలలో, టెర్మినళ్ల వద్ద, ఇంజను ఎర్తు బోల్టు వద్ద ఉంటుంది. ఇటువంటి లోపం మామూలు పరీక్షలకు దొరకదు. అది ఎందుకు దొరకదో, ఏ పరీక్షకు దొరుకుతుందో, దానిని ఎట్లా సరిచేయవలెనో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విద్యుత్తు ప్రయాణించే మార్గం

బ్యాటరీ ధన ధ్రువం నుండి బయలుదేరిన విద్యుత్తు టెర్మినల్ క్లాంపు, మందపాటి కేబులు, మెయిన్ స్విచ్చి, మరొక కేబులు, సోలినాయిడ్ లోని రాగి స్పర్శ ఫలకాల మీదుగా స్టార్టరు మోటారును చేరుతుంది. తిరుగు ప్రయాణంలో మోటారు ఒంటి నుండి ఇంజను దిమ్మకు, అక్కడ బిగించిన ఎర్తు కేబులు ద్వారా బ్యాటరీ ఋణ ధ్రువానికి వస్తుంది. ఇరవైనాలుగు వోల్టుల వ్యవస్థలో రెండు బ్యాటరీలను వరుసగా కలిపే చిన్న లింకు కేబులు కూడా ఈ మార్గంలో భాగమే. ఈ దారిలో ఉన్న అతుకులన్నీ లెక్కిస్తే పది దాటుతాయి. వాటిలో ఏ ఒక్కటి చెడినా మొత్తం మార్గం చెడినట్లే.

ధన వైపు కేబులు ఎర్రగా కంటికి కనిపిస్తుంది కనుక అందరూ దానిని చూస్తారు. ఋణ వైపు కేబులు ఇంజను కింద, బిల్జి నీటికి దగ్గరగా, నూనె మడ్డి మధ్య ఒక బోల్టుకు బిగించి ఉంటుంది. దానిని చూసేవారు తక్కువ. కానీ రెండు వైపులా ప్రవహించే విద్యుత్తు సమానమే. అందువలన ఎర్తు అతుకు కూడా ధన వైపు అతుకంత శ్రద్ధను కోరుతుంది.

స్వల్ప నిరోధం, అధిక నష్టం

ఓమ్ నియమం ప్రకారం ఒక అతుకు వద్ద కోల్పోయే వోల్టేజి, ఆ అతుకు నిరోధాన్ని దాని గుండా పోయే విద్యుత్ ప్రవాహంతో గుణించగా వచ్చే విలువకు సమానం. ఒక టెర్మినల్ వద్ద చిలుము పట్టి 0.02 ఓమ్ నిరోధం ఏర్పడినదని అనుకుందాం. వీల్ హౌస్ లోని దీపాలు 5 ఆంపియర్లు తీసుకుంటే ఆ అతుకు వద్ద నష్టం 0.1 వోల్టు మాత్రమే. దీపాలు ఎప్పటివలెనే వెలుగుతాయి. అదే అతుకు గుండా స్టార్టరు మోటారు 200 ఆంపియర్లు లాగవలసి వస్తే నష్టం 4 వోల్టులు. నిరోధం వలన ప్రవాహం కూడా కొంత తగ్గుతుంది కనుక ఇది స్థూలమైన లెక్క. అయినను పన్నెండు వోల్టుల వ్యవస్థలో మూడవ వంతు శక్తి ఒక్క అతుకు వద్దనే వేడిగా మారి పోతున్నదని దీనివలన తెలుస్తుంది.

మరొక పోలిక చూడవచ్చు. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు మీటరు పొడవుకు నిరోధం సుమారు 0.00034 ఓమ్. ఆ లెక్కన 0.02 ఓమ్ గల ఒక్క చెడిన అతుకు, సుమారు 60 మీటర్ల అదనపు కేబులుతో సమానం. పడవంతటి పొడవుకు అనేక రెట్లు కేబులు చుట్టి, దాని చివర స్టార్టరును కలిపినట్లు అవుతుంది.

ఇందువలననే మామూలు పరీక్షలు మోసం చేస్తాయి. ఇంజను తిప్పకుండా మల్టీమీటరు పెడితే మీటరు తీసుకునే ప్రవాహం అత్యల్పం కాబట్టి అతుకు ఎంత చెడినా 12.6 వోల్టులు చూపుతుంది. మీటరును ఓమ్ స్థానంలో ఉంచి కేబులును పరీక్షించినా ఫలితం ఉండదు. సాధారణ మీటరు తీగల సొంత నిరోధమే ఒక ఓమ్ లో పదో వంతు వరకు ఉంటుంది. 0.02 ఓమ్ అందులో కలిసిపోతుంది. అంతేకాక వంద పోగుల కేబులులో తొంభై ఐదు తెగి ఐదే మిగిలినా మీటరు ‘కలిసే ఉంది’ అని చెబుతుంది. భారం మోపినప్పుడు మాత్రమే ఈ లోపం బయటపడుతుంది. ఈ సూత్రం అర్థమైతే మిగిలిన పరీక్షా విధానమంతా సులభంగా బోధపడుతుంది.

సముద్రంపై కనెక్షన్లు చెడటానికి కారణాలు

ఉప్పు తేమ: ఉప్పు కణాలు గాలిలోని తేమను పీల్చి లోహంపై పలుచని విద్యుద్వాహక పొరను ఏర్పరుస్తాయి. సీసపు ధ్రువం, రాగి లగ్గు, ఉక్కు నట్టు వంటి వేర్వేరు లోహాలు ఈ పొరతో కలిసినప్పుడు వాటి మధ్య గాల్వానిక్ చర్య జరిగి తుప్పు వేగంగా పెరుగుతుంది.

ఆమ్లపు ఆవిరి: బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు వెలువడే వాయువులతోపాటు సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరలు కూడా పైకి వస్తాయి. ధ్రువాలపై కనిపించే తెల్లని పొడి, నీలి ఆకుపచ్చ చిలుము దీని ఫలితాలు.

కేశనాళికా చర్య: లగ్గు వద్ద కేబులు చివర మూసి ఉండకపోతే ఉప్పు నీరు పోగుల మధ్యగా లోపలికి పాకుతుంది. పైతొడుగు బాగానే కనిపించినా లోపలి రాగి నల్లబడి పెళుసవుతుంది. తగరం పూత గల పోగుల కేబులు ఈ నష్టాన్ని చాలా వరకు తట్టుకుంటుంది.

అదురు: డీజిలు ఇంజను నిరంతర అదురుకు నట్లు సడలుతాయి. సడలిన చోట సూక్ష్మమైన నిప్పురవ్వలు వచ్చి స్పర్శ తలం కాలుతుంది. కాలిన తలం నిరోధాన్ని పెంచుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

అమరికలో పొరపాట్లు: రాగి లగ్గుకు, ధ్రువానికి మధ్య స్టెయిన్‌లెస్ ఉక్కు వాషరు వేయడం తరచుగా కనిపించే పొరపాటు. ఈ ఉక్కు విశిష్ట నిరోధం రాగికంటె సుమారు 40 రెట్లు ఎక్కువ. వాషరు నట్టు కింద ఉండవలెను గాని విద్యుత్తు పోయే దారిలో ఉండరాదు. ఒకే బోల్టుపై దీపాలు, పంపు, రేడియో తీగలను ముందు పెట్టి వాటిపైన స్టార్టరు కేబులు లగ్గును పెట్టడం, మందపాటి కేబులును చేతితో బిగించే రెక్కల నట్టుతో వదిలేయడం కూడా ఇటువంటివే.

లక్షణాలను బట్టి లోపస్థానాన్ని ఊహించడం

| గమనించిన లక్షణం | అనుమానించవలసిన స్థానం |
|---|---|
| తాళం తిప్పగానే ‘టక్’మని ఒక శబ్దం వచ్చి, దీపాలు దాదాపుగా ఆరిపోవడం | బ్యాటరీ టెర్మినళ్లు, లింకు కేబులు, మెయిన్ స్విచ్చి |
| ఒక శబ్దం వచ్చినా ఇంజను తిరగకపోవడం, దీపాలు ప్రకాశంగానే ఉండటం | స్టార్టరు కేబులు, ఇంజను ఎర్తు, సోలినాయిడ్ స్పర్శ ఫలకాలు |
| ‘టకటక’మని వేగంగా శబ్దాలు రావడం | ఛార్జి తగ్గిన బ్యాటరీ లేదా టెర్మినళ్ల వద్ద అధిక నిరోధం |
| ఇంజను నెమ్మదిగా తిరగడం, ఒకచోట కేబులు చివర వేడెక్కడం | వేడెక్కిన అతుకు |
| ఏ శబ్దమూ రాకపోవడం, దీపాలు మామూలుగా ఉండటం | తాళం స్విచ్చి, ఫ్యూజు, న్యూట్రల్ స్విచ్చి, సోలినాయిడ్ కు వెళ్లే సన్నని తీగ |
| ఇంజను నడుస్తుండగా జీపీఎస్, ఎకో సౌండరు ఆగి మళ్లీ మొదలు కావడం | సడలిన బ్యాటరీ లేదా డైనమో కనెక్షన్ |
| కొత్త బ్యాటరీలు కొద్ది నెలలకే పాడు కావడం | ఛార్జింగు మార్గంలోని అతుకులు |

‘టకటక’ శబ్దానికి కారణం తెలుసుకోదగినది. తాళం తిప్పగానే సోలినాయిడ్ లాగి మోటారును కలుపుతుంది. మోటారు ఎక్కువ విద్యుత్తు లాగగానే వోల్టేజి కూలిపోయి సోలినాయిడ్ వదిలేస్తుంది. భారం పోగానే వోల్టేజి తిరిగి లేచి సోలినాయిడ్ మళ్లీ లాగుతుంది. ఈ చక్రం సెకనుకు అనేకసార్లు సాగుతుంది. కనుక ఈ శబ్దం స్టార్టరు చెడిపోయిందనడానికి గుర్తు కాదు. చాలినంత వోల్టేజి నిలవడం లేదనడానికి గుర్తు.

నడుస్తున్న ఇంజనును కూడా చెడిన కనెక్షన్ ఆపగలదు. యాంత్రిక ఇంధన పంపు గల డీజిలు ఇంజను ఒకసారి మొదలైతే సాధారణంగా విద్యుత్తు లేకపోయినా నడుస్తుంది. కానీ విద్యుత్తు అందుతున్నంతసేపే ఇంధన మార్గాన్ని తెరిచి ఉంచే స్టాప్ సోలినాయిడ్ ఉన్న ఇంజన్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంజన్లు కనెక్షన్ క్షణకాలం తెగినా ఆగిపోవచ్చు. ఇటువంటి ఆగుదలను ఇంధనంలో నీరు చేరడంగానో ఫిల్టరు మూసుకుపోవడంగానో పొరపడటానికి అవకాశం ఉంది.

పరీక్షా విధానం

ముందుగా ఇంజను గదిని గాలి ఆడేట్లు తెరవవలెను. బ్యాటరీ నుండి వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరినా నిప్పురవ్వకు పేలగలదు. ఉంగరాలు, లోహపు గడియారం తీసివేయవలెను. ఇంజను మొదలు కాకుండా స్టాప్ లివరును లాగి ఉంచి స్టార్టరును తిప్పవలెను. ఒక్కసారి పది సెకన్లకు మించి తిప్పరాదు, మధ్యలో రెండు నిమిషాలైనా విరామం ఇవ్వవలెను. శీతలీకరణకు వాడిన సముద్రపు నీటిని పొగగొట్టంలోకి వదిలే ఇంజన్లలో మొదలు కాకుండా పదేపదే తిప్పితే ఆ నీరు వెనుకకు చేరి సిలిండరులోకి ప్రవేశించే ప్రమాదం ఉన్నది. అటువంటి ఇంజన్లలో పరీక్ష సమయంలో సముద్రపు నీటి వాల్వును మూసి, ఇంజనును నడిపేముందు మరువక తెరవవలెను.

1. విశ్రాంతి వోల్టేజి: ఛార్జింగు ఆపిన కొన్ని గంటల తరువాత బ్యాటరీ ధ్రువాల మధ్య కొలవవలెను. పన్నెండు వోల్టుల సీసం-ఆమ్ల బ్యాటరీకి 12.6 వోల్టులు లేదా అంతకు మించి ఉంటే నిండు ఛార్జి, 12.2 ఉంటే సుమారు సగం, 12.0 కంటె తక్కువైతే ముందు ఛార్జి చేయవలెను. అర్ధ ఛార్జితో చేసే మిగిలిన పరీక్షలకు విలువ లేదు.

2. భారంలో బ్యాటరీ వోల్టేజి: మీటరు మొనలను క్లాంపులపై కాక సీసపు ధ్రువాలపైనే ఆనించి స్టార్టరును తిప్పవలెను. 9.6 వోల్టుల కంటె దిగజారితే బ్యాటరీ బలహీనమైనదని, లేదా మోటారు అతిగా విద్యుత్తు లాగుతున్నదని అర్థం. వోల్టేజి ఎత్తుగానే నిలిచి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే, బ్యాటరీ శక్తి మోటారును చేరడం లేదని గ్రహించవలెను.

3. స్టార్టరు వద్ద వోల్టేజి: ఒక మొనను మోటారు ప్రధాన బోల్టుపై, రెండవ దానిని మోటారు ఒంటిపై ఉంచి తిప్పవలెను. రెండవ మెట్టులోని విలువకు దీనికి గల తేడా కనెక్షన్లలో పోయిన మొత్తం.

4. ఏ వైపు నష్టం: ఒక మొనను ధన ధ్రువంపై, రెండవ మొనను మోటారు ప్రధాన బోల్టుపై ఉంచి తిప్పితే ధన వైపు నష్టం నేరుగా తెలుస్తుంది. ఋణ ధ్రువం నుండి మోటారు ఒంటికి కొలిస్తే ఋణ వైపు నష్టం తెలుస్తుంది. ఒక్కొక్క వైపు మొత్తం నష్టం 0.5 వోల్టు మించరాదనేది సాధారణంగా పాటించే హద్దు.

5. ఏ అతుకు వద్ద నష్టం: నష్టం ఎక్కువ ఉన్న వైపున ధ్రువం నుండి క్లాంపుకు, క్లాంపు నుండి కేబులు రెండవ లగ్గుకు, లగ్గు నుండి బోల్టుకు, స్విచ్చి ఒక కొస నుండి మరొక కొసకు వరుసగా కొలుస్తూ పోవలెను. ఒక్క అతుకుకు 0.1 వోల్టు, ఒక కేబులుకు లేదా స్విచ్చికి 0.2 వోల్టు దాటితే దానిని విప్పి చూడవలెను.

ఉదాహరణకు ఒక పడవలో ఈ కింది విలువలు వచ్చినవని అనుకుందాం. భారంలో బ్యాటరీ ధ్రువాల వద్ద 11.2 వోల్టులు, స్టార్టరు వద్ద 7.9 వోల్టులు. మొత్తం నష్టం 3.3 వోల్టులు. ధన వైపు నష్టం 0.4, ఋణ వైపు 2.9. ఋణ వైపున ధ్రువం, క్లాంపు మధ్య 0.1, కేబులులో 0.1, ఇంజను చివర లగ్గు, దిమ్మ మధ్య 2.7 వోల్టులు. ఇక్కడ బ్యాటరీ, మోటారు, కేబులు అన్నీ సక్రమంగానే ఉన్నవి. ఇంజను దిమ్మపై లగ్గు కింద పేరుకున్న తుప్పు, రంగు పొర మాత్రమే దోషి. ఒక స్పానరు, ఒక తీగ బ్రష్షుతో అరగంటలో తీరే పనికి బ్యాటరీ కొనుట ఎంత వృథా వ్యయమో విద్యార్థులకు ఈ అంకెలతో చూపవచ్చు.

మీటరు లేని చోట ఒక దీపం, రెండు తీగలు చాలు. దీపాన్ని ముందు బ్యాటరీ ధ్రువాల మధ్య, తరువాత స్టార్టరు బోల్టుకు మోటారు ఒంటికి మధ్య కలిపి స్టార్టరును తిప్పవలెను. మొదటి చోట ప్రకాశంగా ఉండి రెండవ చోట మసకబారితే లోపం కనెక్షన్లలోనే ఉన్నది.

సరిచేయు పద్ధతి

ఎర్తు ఋణ ధ్రువానికి కలిసి ఉన్న వ్యవస్థలో ఋణ కేబులును మొదట విప్పి, చివర బిగించవలెను. ఈ వరుస పాటిస్తే ధన వైపు పని చేసేటప్పుడు స్పానరు ఇంజనుకు తగిలినా ప్రమాదం ఉండదు. గిన్నెడు నీటిలో వంటసోడా కలిపి ఆ ద్రావణంతో ఆమ్లపు పొడిని కడగవలెను. బ్యాటరీ మూతలు బిగించి ఉండవలెను, సోడా నీరు సెల్లులలోకి పోతే ఆమ్లం చెడుతుంది. తరువాత మంచినీటితో కడిగి ఆరబెట్టి, ధ్రువాన్ని, క్లాంపు లోపలి తలాన్ని, లగ్గు రెండు ముఖాలను మెరిసేదాకా రుద్దవలెను. ఇంజను దిమ్మపై ఎర్తు బోల్టు చుట్టూ ఉన్న రంగును కూడా లోహం కనిపించేదాకా తీయవలెను.

బిగించేటప్పుడు మందపాటి కేబులు లగ్గు ధ్రువానికి నేరుగా ఆనవలెను. సన్నని తీగలు దానిపైన ఉండవలెను, లేదా వాటిని వేరే టెర్మినల్ పట్టీకి మార్చవలెను. రెక్కల నట్టుకు బదులు ఆరు పలకల నట్టు, స్ప్రింగు వాషరు వాడవలెను. క్లాంపును సుత్తితో కొట్టి దింపరాదు, ధ్రువం లోపల పగులుతుంది. పెట్రోలియం జెల్లీని బిగించిన తరువాతనే పైపూతగా పూయవలెను.

లోపల నల్లబడిన కేబులును శుభ్రం చేసి లాభం లేదు, మార్చవలసినదే. కొత్త లగ్గును సుత్తితో నొక్కక తగిన క్రింపింగు పనిముట్టుతో నొక్కించి, జిగురు గల వేడికి ముడుచుకునే తొడుగుతో చివరను మూసివేయవలెను. కేవలం టంకంతో అతికిన స్టార్టరు లగ్గు నమ్మదగినది కాదు. తగరం-సీసం టంకం సుమారు 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరగనారంభిస్తుంది. అతుకు బాగా వేడెక్కిన రోజున ఊడిపోవచ్చు. సవరణ ముగిసిన తరువాత ఐదవ మెట్టు కొలతను మళ్లీ తీసి నష్టం తగ్గినదని నిర్ధారించుకోవలెను.

ఛార్జింగు మార్గంలోని లోపాలు

డైనమో నుండి బ్యాటరీకి పోయే మార్గంలో అతుకు చెడితే ఇంజను మొదలయ్యేటప్పుడు వెంటనే తెలియదు. డైనమో వద్ద 14.2 వోల్టులు ఉన్నా బ్యాటరీ ధ్రువాల వద్ద 13.2 వోల్టులే చేరితే బ్యాటరీ ఏనాడూ నిండదు. దీర్ఘకాలం అర్ధ ఛార్జితో ఉన్న పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ ఆయుష్షు క్షీణిస్తుంది. కొత్తది వేసినా అదే గతి పడుతుంది. ఇంజను నడుస్తుండగా దీపాలు వేసి రెండు చోట్లా వోల్టేజి కొలిస్తే ఈ తేడా తెలుస్తుంది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కేబులును విప్పడం, మెయిన్ స్విచ్చిని ఆపడం ఎన్నడూ చేయరాదు. ‘డైనమో పనిచేస్తున్నదో లేదో చూద్దామ’ని ఇట్లా విప్పే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. భారం ఒక్కసారిగా తెగినప్పుడు పుట్టే అధిక వోల్టేజికి డైనమో డయోడులు, రేడియో, జీపీఎస్ పరికరాలు కాలిపోగలవు. సడలిన టెర్మినల్ కూడా అలల కుదుపులో ఇదే పని తనంతట తాను చేస్తుంది.

చెడిన ఎర్తు వలన మరొక హాని కూడా ఉన్నది. స్టార్టరు విద్యుత్తు తన దారి మూసుకుపోగా గేరు, యాక్సిలరేటరు కేబుళ్ల లోహపు తొడుగులు, రేడియో యాంటెన్నా తీగ వంటి ఇతర దారులను వెదుక్కుంటుంది. ఇంజను తిప్పిన తరువాత నియంత్రణ కేబులు వేడిగా తగిలితే ఎర్తును వెంటనే పరీక్షించవలెను.

సముద్రంలో ఉండగా తాత్కాలిక ఉపాయం

ప్రతి పడవలో రెండు లగ్గులు గల ఒక మందపాటి విడి కేబులు ఉండటం మంచిది. ఎర్తు అనుమానమైతే దానిని ఋణ ధ్రువం నుండి స్టార్టరు బిగించిన బోల్టుకు సమాంతరంగా కలపవచ్చు. ఆ కొసలలో ఇంజను వైపు కొసను చివర కలిపితే నిప్పురవ్వ బ్యాటరీకి దూరంగా వస్తుంది. ఇంజను వెంటనే చురుకుగా తిరిగితే లోపస్థానం కూడా తేలినట్లే. విడి కేబులు లేనప్పుడు ఒక్కొక్క అతుకును విప్పి రుద్ది బిగించడమే మార్గం. పదేపదే తాళం తిప్పి బ్యాటరీలో మిగిలిన శక్తిని హరింపజేయడం అన్నిటికంటె పెద్ద తప్పు. ఆ శక్తే రేడియోకు కూడా ఆధారం.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలులో ఉంటుంది. పడవలు రేవులో ఉండే ఈ కాలం ఈ శిక్షణకు అనువైనది. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక శిక్షణ సంస్థ, విశాఖపట్నంలోని కేంద్ర మత్స్య నౌకా, సాంకేతిక శిక్షణ సంస్థ విభాగం వంటి వాటి సహకారంతో రేవు వద్దనే ప్రదర్శనలు జరపవచ్చు.

ప్రదర్శనకు ఒక బ్యాటరీ, ఒక పాత స్టార్టరు మోటారు, ఒక దీపం, తుప్పు పట్టిన ఒక లగ్గు చాలు. ఆ లగ్గు ద్వారా దీపం వెలుగుతుంది, మోటారు మాత్రం తిరగదు. లగ్గును రుద్ది బిగిస్తే మోటారు తిరుగుతుంది. సరంగులకు ఓమ్ నియమం పేరు చెప్పనక్కరలేకుండానే విషయం కళ్లకు కడుతుంది. ప్రతి పడవకు ఒక చిన్న పుస్తకం పెట్టించి విశ్రాంతి వోల్టేజి, భారంలో వోల్టేజి, ధన వైపు నష్టం, ఋణ వైపు నష్టం అనే నాలుగు అంకెలను వేటకు బయలుదేరేముందు రాయించవలెను. 0.2 ఉన్న విలువ క్రమంగా 0.4, 0.6 అవుతుంటే, ఇంజను ఆగకముందే అతుకు తన స్థితిని తెలిపినట్లే.

ముగింపు

బ్యాటరీ కనెక్షన్ లోపం చిన్న భారానికి కనిపించదు, పెద్ద భారానికి మాత్రమే బయటపడుతుంది. కనుక స్టార్టరును తిప్పుతూ వోల్టేజి నష్టాన్ని కొలవడమే దానిని నమ్మకంగా గుర్తించే పద్ధతి. బ్యాటరీనిగాని మోటారునుగాని మార్చుటకు ముందు ధన, ఋణ మార్గాల నష్టాన్ని కొలవడం నియమంగా పెట్టుకుంటే అనవసర వ్యయం తగ్గుతుంది. నడిసముద్రంలో ఇంజను మొరాయించే అవకాశం కూడా చాలా వరకు తగ్గుతుంది.